క్యూటీ లిస్టులో మన సొంత ఐటెమ్‌లకి హైట్ కరెక్ట్‌గా రావాలంటే

క్యూటీలో (విండోలు, బటన్లతో యాప్‌లు కట్టే లైబ్రరీ) ఒక లిస్ట్ విడ్జెట్ (విడ్జెట్ అంటే తెర మీద కనపడే ఒక భాగం) పెట్టి, ఉత్త టెక్స్ట్ కాకుండా మన సొంత డిజైన్ ఐటెమ్‌లు పెట్టాలనుకున్నవాళ్లకి ఫస్ట్ రన్‌లో కనపడేది దాదాపు ఒకటే సీను. ఐటెమ్‌లన్నీ అణిగిపోయి ఉంటాయి, పేరు పైసగం మాత్రమే కనపడుతుంది, బటన్ సన్న గీతలాగా మిగులుతుంది. ఎర్రర్ రాదు, వార్నింగ్ కూడా రాదు, అందుకే ఎక్కడ వెతకాలో తెలీదు.

ఒక ఉదాహరణ పట్టుకుని చెప్తా. కిరాణా కొట్టు ఖాతా పుస్తకం లాంటి చిన్న యాప్, పైథాన్‌లో పైసైడ్6 (క్యూటీని పైథాన్‌లో వాడుకునే ప్యాకేజీ, పైక్యూటీ కూడా అలాంటిదే) తో రాస్తున్నాం అనుకోండి, పైక్యూటీ అయినా సీప్లస్‌ప్లస్ అయినా ఫంక్షన్ల పేర్లు ఇవే. ఒక్కో ఐటెమ్‌లో ఎడమ పక్క కస్టమర్ పేరు, పేరు కింద చిన్న అక్షరాల్లో "బియ్యం బస్తా, నూనె ప్యాకెట్లు రెండు, పండగ తర్వాత ఇస్తానన్నాడు" లాంటి నోటు, కుడి చివర జమ అనే బటన్. ఇవన్నీ ఒక క్యూవిడ్జెట్‌లో (ఖాళీ డబ్బా లాంటి విడ్జెట్) లేఅవుట్ (లోపలివాటిని సర్దేది) వేసి పెట్టాం, దాన్ని సెట్‌ఐటెమ్‌విడ్జెట్ తో లిస్టులోకి ఎక్కించాం. అణిగిపోయింది.

ఎందుకంటే సెట్‌ఐటెమ్‌విడ్జెట్ చేసే పని మన విడ్జెట్‌ని ఆ ఐటెమ్ ఉన్న జాగా మీద పరచడమే. ఆ జాగా ఎంత ఎత్తు ఉండాలో విడ్జెట్‌ని అడగదు. లిస్ట్ అడిగేది డెలిగేట్‌ని (ఒక్కో ఐటెమ్‌ని గీసి, దాని కొలత చెప్పే ఆబ్జెక్ట్), డెలిగేట్ చూసేది క్యూలిస్ట్‌విడ్జెట్‌ఐటెమ్‌లో ఉన్న టెక్స్ట్, ఐకాన్. మనం అక్కడ ఏమీ పెట్టలేదు కాబట్టి ఒక లైను పట్టేంత ఎత్తు ఇచ్చేసి ఊరుకుంటుంది. కొలతలు చెప్పకుండా జాకెట్ ముక్క టైలర్‌కిచ్చి వచ్చినట్టే, ఆయనకి తోచిన సైజులో కుట్టేస్తాడు. కొలత మనమే చెప్పాలి, చెప్పే ఫంక్షన్ ఐటెమ్ మీద ఉండే సెట్‌సైజ్‌హింట్.

వరస ఇలా పెట్టుకోండి. ముందు విడ్జెట్ పూర్తిగా తయారు చెయ్యండి, అంటే లేఅవుట్ వేసి, లేబుళ్లు బటన్లు అన్నీ అందులో చేర్చి, టెక్స్ట్ కూడా పెట్టేశాకే. లేఅవుట్ లేని క్యూవిడ్జెట్‌ని సైజ్‌హింట్ (తనకి ఎంత సైజ్ కావాలో విడ్జెట్ చెప్పే కొలత) అడిగితే మైనస్ ఒకటి, మైనస్ ఒకటి అని వస్తుంది, అది ఇన్‌వాలిడ్ సైజ్, దాన్ని ఐటెమ్‌కి ఇచ్చినా ఇవ్వనట్టే లెక్క. తర్వాత యాడ్‌ఐటెమ్ తో ఐటెమ్‌ని లిస్టులో వెయ్యండి, ఆ తర్వాత సెట్‌ఐటెమ్‌విడ్జెట్, అన్నిటికన్నా చివర్లో విడ్జెట్‌ సైజ్‌హింట్ తీసుకుని ఐటెమ్‌కి సెట్‌సైజ్‌హింట్. సైజ్ చివర్లోనే ఎందుకంటే, లిస్ట్ మీదో మెయిన్ విండో మీదో మీరు స్టైల్‌షీట్ (రంగులు, ఫాంట్లు, ఖాళీలు చెప్పే నియమాలు) వేసి ఫాంట్ పెద్దది చేసి ఉంటే, అది మన విడ్జెట్‌కి తగిలేది లిస్టులోకి వెళ్లాకే. బయట ఉన్నప్పుడు కొలిస్తే పాత ఫాంట్ కొలత వస్తుంది, రెండు మూడు పిక్సెల్స్ తేడాతో అడుగు తెగుతుంది, అది పట్టుకోవడం మహా చిరాకు.

ఐటెమ్‌లో టెక్స్ట్ కూడా పెట్టకండి, విడ్జెట్ వెనకాల అది కూడా గీయబడి రెండూ కలగాపులగంగా కనపడతాయి. కస్టమర్ ఐడీ లాంటివి దాచుకోవాలంటే యూజర్‌రోల్‌లో (ఐటెమ్‌లో తెర మీద కనపడని డేటా పెట్టే చోటు) దాచుకోండి.

నెట్‌లో దొరికే చాలా కోడ్ ముక్కల్లో లేఅవుట్‌కి సెట్‌ఫిక్స్‌డ్‌సైజ్ కన్‌స్ట్రెయింట్ పెట్టమని ఉంటుంది. పెడితే ఎత్తు సరిపోతుంది నిజమే, కానీ విడ్జెట్ అడ్డంగా కూడా బిగుసుకుపోతుంది, విండో ఎంత పెద్దది చేసినా జమ బటన్ కుడి చివరికి పోదు, మధ్యలోనే వేలాడుతుంది. మన డిజైన్‌కి అది వద్దు. అలాగే వెడల్పు విషయంలో, సైజ్‌హింట్‌లో వచ్చిన వెడల్పుని యథాతథంగా ఇస్తే, అది లిస్ట్ కన్నా ఎక్కువైన రోజు కింద అడ్డం స్క్రోల్‌బార్ వచ్చి కూచుంటుంది. వెడల్పు సున్నా ఇచ్చి ఎత్తు మాత్రం అసలుది ఇవ్వండి, నిలువు లిస్టులో ఐటెమ్ ఎలాగూ వ్యూపోర్ట్ (లిస్టులో ఐటెమ్‌లు కనపడే లోపలి భాగం) వెడల్పంతా సాగుతుంది. మైనస్ ఒకటి మాత్రం ఇవ్వకండి, అప్పుడు మొత్తం సైజే చెల్లదు.

ఇక్కడిదాకా ఈజీ. నోటు ఉంది చూశారూ, అసలు తలనొప్పి దానితో. అది ఒక లైనులో పట్టదు కాబట్టి లేబుల్‌కి వర్డ్ ర్యాప్ (పట్టని మాటలు కింది లైనులోకి పోవడం) ఆన్ చేస్తాం. చెయ్యగానే ఎత్తు అనేది వెడల్పుని బట్టి మారిపోతుంది, విండో సన్నగా ఉంటే మూడు లైన్లు, వెడల్పుగా ఉంటే ఒకటే లైను. ఉత్త సైజ్‌హింట్ అడిగితే లేబుల్ తనకి నచ్చిన ఏదో వెడల్పు ఊహించుకుని దానికి సరిపడా ఎత్తు చెప్తుంది, మన లిస్ట్ వెడల్పుతో దానికి సంబంధం ఉండదు. అందుకని అడగాల్సింది హైట్‌ఫర్‌విడ్త్, ఇంత వెడల్పుకి ఎంత ఎత్తు కావాలో అది చెప్తుంది. లిస్ట్ వ్యూపోర్ట్ వెడల్పు తీసుకుని, సెట్‌స్పేసింగ్ వాడి ఉంటే రెండు పక్కలా అంత తీసేసి, మిగిలింది విడ్జెట్‌ హైట్‌ఫర్‌విడ్త్‌కి ఇవ్వండి. లోపల ర్యాప్ అయ్యే లేబుల్ ఏదీ లేకపోతే మైనస్ ఒకటి వస్తుంది, అప్పుడు మామూలు సైజ్‌హింట్ ఎత్తే వాడుకోండి. లిస్ట్ వెడల్పు కాదు, వ్యూపోర్ట్ వెడల్పు, ఎందుకంటే లిస్ట్ వెడల్పులో ఫ్రేమూ స్క్రోల్‌బారూ కూడా కలిసి ఉంటాయి.

ఇంకో సంగతి, ఈ లెక్కంతా కన్‌స్ట్రక్టర్‌లో చేస్తే తప్పు వస్తుంది. విండో ఇంకా చూపించలేదు, లేఅవుట్ ఇంకా కదల్లేదు, ఆ టైములో చైల్డ్ విడ్జెట్ డిఫాల్ట్ సైజ్ 100 బై 30 పిక్సెల్స్. వంద పిక్సెల్స్ వెడల్పులో ఆ నోటు పట్టాలంటే ఏడెనిమిది లైన్లు పడుతుంది, అందుకే కొంతమందికి అణిగిపోయే బదులు ఐటెమ్‌లు తాడిచెట్టంత వస్తాయి. క్యూలిస్ట్‌విడ్జెట్‌ని సబ్‌క్లాస్ చేసి, అన్ని ఐటెమ్‌లకీ ఎత్తు లెక్కేసే ఫంక్షన్ ఒకటే రాసుకుని, దాన్ని రిసైజ్‌ఈవెంట్‌లో (సైజ్ మారినప్పుడల్లా క్యూటీ పిలిచే ఫంక్షన్) పిలవండి, కొత్త ఐటెమ్ చేర్చినప్పుడు, నోటు మార్చినప్పుడు కూడా పిలవండి, లేబుల్ టెక్స్ట్ మారింది కదా అని ఐటెమ్ తనంతట తాను పెరగదు. రిసైజ్‌ఈవెంట్‌లో ముందు సూపర్ (అసలు క్లాస్‌లో ఉన్న రిసైజ్‌ఈవెంట్) పిలవడం మర్చిపోవద్దు.

అప్పుడప్పుడూ లిస్ట్ వణుకుతుంది, చూసే ఉంటారు. స్క్రోల్‌బార్ వస్తే వ్యూపోర్ట్ సన్నబడుతుంది, సన్నబడితే ఎత్తులు మళ్లీ లెక్క, ఆ లెక్కతో స్క్రోల్‌బార్ ఉండాలా పోవాలా అని మళ్లీ గొడవ. నిలువు స్క్రోల్‌బార్‌ని ఎప్పుడూ ఉండేట్టు ఆల్వేస్‌ఆన్ పెట్టేస్తే గొడవ వదిలిపోతుంది. అందం కొంచెం తగ్గినా నాకు ఇదే బెటర్ అనిపిస్తుంది.

ఇదంతా ఎందుకు, 60 పిక్సెల్స్ అని ఒక నంబర్ కొట్టేస్తే పోలా అంటారు. మీ ఒక్క మెషిన్‌లో పోతుంది. ఒకే 10 పాయింట్ల ఫాంట్ విండోస్‌లో దాదాపు 13 పిక్సెల్స్, మ్యాక్‌లో 10 పిక్సెల్స్, ఎందుకంటే ఒకటి అంగుళానికి 96 పిక్సెల్స్ లెక్కేస్తుంది, ఇంకోటి 72. లేఅవుట్ మార్జిన్లు కూడా స్టైల్‌ని బట్టి మారతాయి, అందుకే సెట్‌కంటెంట్స్‌మార్జిన్స్ తో మీరే చెప్పేసుకోండి, లేకపోతే ఐటెమ్‌లు ఊరికే ఉబ్బినట్టు ఉంటాయి. స్క్రీన్ స్కేలింగ్ గురించి మాత్రం క్యూటీ6 లో బెంగ లేదు, హై డీపీఐ ఎప్పుడూ ఆన్‌లోనే ఉంటుంది, క్యూటీ5 లో అయితే మనమే ఆన్ చెయ్యాలి.

తెలుగు టెక్స్ట్ పెట్టేవాళ్లకి ఈ నంబర్ల పద్ధతి అసలే పనికిరాదు. ఇంగ్లీష్ పేర్లతో టెస్ట్ చేసినంతసేపూ అంతా బానే ఉంటుంది, "లక్ష్మి", "కృష్ణ", "రామకృష్ణారెడ్డి" అని పడగానే కింద వత్తులు తెగిపోతాయి. మన యాప్ ఫాంట్‌లో తెలుగు అక్షరాలు ఉండవు కాబట్టి క్యూటీ వేరే ఫాంట్ నుంచి తెచ్చుకుంటుంది, విండోస్‌లో అది నిర్మలా యూఐ కావచ్చు, మ్యాక్‌లో కోహినూర్ తెలుగు, లినక్స్‌లో నోటో సాన్స్ తెలుగు, ఒక్కోదాని ఎత్తు ఒక్కోలా. ఫాంట్ మెట్రిక్స్‌లో (ఫాంట్ కొలతలు చెప్పే క్లాస్) హైట్ అడిగితే వచ్చేది మెయిన్ ఫాంట్ ఎత్తే, తెలుగు ఎక్కడినుంచి వచ్చిందో దానికి అనవసరం. అదే క్లాస్‌లో ఉన్న బౌండింగ్‌రెక్ట్‌కి వెడల్పు, వర్డ్ ర్యాప్ ఫ్లాగ్, అసలు టెక్స్ట్ ఇచ్చి అడిగితే టెక్స్ట్‌ని నిజంగా పరిచి చూసి చెప్తుంది, అది నమ్మొచ్చు. ఇంకా గట్టిగా కావాలంటే నోటో సాన్స్ తెలుగుని యాప్‌తో పాటే ఇచ్చి యాడ్‌అప్లికేషన్‌ఫాంట్ తో లోడ్ చేసి అదే సెట్ చెయ్యండి, లైసెన్స్ ఓపెన్ కాబట్టి ఇబ్బంది లేదు, అన్ని మెషిన్లలో ఒకే ఫాంట్ వస్తుంది. టెస్ట్ డేటాలో మాత్రం వత్తులున్న పేర్లు, పొడుగాటి ఇంటిపేర్లు తప్పకుండా వేసుకోండి.

స్టైల్‌షీట్‌లో ఐటెమ్‌కి ప్యాడింగ్ ఇచ్చినా ఎత్తు మారట్లేదేంటి అనేవాళ్లకి ఒక మాట, సెట్‌సైజ్‌హింట్ పిలిచాక డెలిగేట్ ఆ విలువనే నేరుగా తిరిగి ఇచ్చేస్తుంది, ప్యాడింగ్‌ని పట్టించుకోదు. రెండిట్లో ఏదో ఒకటే వాడండి.

ఖాతాదారులు వందల్లో ఉన్నంతవరకు ఈ పద్ధతి లాగించేస్తుంది. వేలల్లో అయితే ఒక్కో ఐటెమ్‌కీ ఒక విడ్జెట్, దాంట్లో మూడు నాలుగు పిల్ల విడ్జెట్లు, ఓపెన్ అవ్వడానికే టైం పడుతుంది. క్యూటీ డాక్యుమెంటేషన్ కూడా సెట్‌ఐటెమ్‌విడ్జెట్ మారని కంటెంట్‌కే అని చెప్తుంది. అప్పుడు క్యూలిస్ట్‌వ్యూకి (డేటాని వేరే మోడల్‌లో ఉంచి చూపించే లిస్ట్) మారి, క్యూస్టైల్డ్‌ఐటెమ్‌డెలిగేట్‌ని సబ్‌క్లాస్ చేసి పెయింట్, సైజ్‌హింట్ రెండూ మీరే రాసుకోవాలి. సైజ్‌హింట్‌లో పైన చెప్పిన బౌండింగ్‌రెక్ట్ లెక్కే, వెడల్పు మాత్రం ఆప్షన్ రెక్ట్ (ఫంక్షన్‌కి క్యూటీ ఇచ్చే దీర్ఘచతురస్రం) నుంచి కాకుండా వ్యూపోర్ట్ నుంచి తీసుకోండి. విండో సైజ్ మారితే వ్యూ రిసైజ్‌ఈవెంట్‌లో షెడ్యూల్‌డిలేడ్‌ఐటెమ్స్‌లేఅవుట్ పిలిస్తే మళ్లీ అన్నిటినీ అడుగుతుంది, ఒక్క ఐటెమే మారితే డెలిగేట్ నుంచి సైజ్‌హింట్‌చేంజ్‌డ్ సిగ్నల్ ఎమిట్ చేస్తే చాలు. నోటు ఒక్క లైనుకే కత్తిరించి చుక్కలు పెట్టడానికి మీకు ఓకే అయితే అన్నీ ఒకే ఎత్తు కాబట్టి సెట్‌యూనిఫామ్‌ఐటెమ్‌సైజెస్ ఆన్ చెయ్యండి, స్పీడ్ తేడా కంటికే కనపడుతుంది.

ఐటెమ్‌లని లాగి పైకీ కిందకీ మార్చుకునే సౌకర్యం ఇవ్వాలనుకుంటే లిస్ట్ చిన్నదైనా సరే మొదట్నుంచీ డెలిగేట్‌కే వెళ్లండి, ఎందుకంటే సెట్‌ఐటెమ్‌విడ్జెట్ తో పెట్టినవాటిని డ్రాగ్ చేసి వదిలినప్పుడు ఐటెమ్ వెళ్లినా దాని విడ్జెట్ వెంట రాకుండా ఖాళీ గడి మిగిలే ప్రమాదం ఉంది. డెలిగేట్‌లో జమ బటన్ నిజం బటన్ కాదు, బొమ్మ గీసినట్టు గీస్తాం, క్లిక్ అయిందో లేదో ఎడిటర్‌ఈవెంట్‌లో (ఐటెమ్ మీద మౌస్ కదలికలు డెలిగేట్‌కి వచ్చే ఫంక్షన్) మౌస్ పొజిషన్‌ని ఆ బటన్ రెక్ట్‌తో పోల్చి చూసుకోవాలి. ఆ రెక్ట్ లెక్కని ఒక ఫంక్షన్‌లో పెట్టి పెయింట్‌లోనూ ఎడిటర్‌ఈవెంట్‌లోనూ అదే వాడండి, లేకపోతే బటన్ ఒకచోట కనపడి క్లిక్ ఇంకోచోట పడుతుంది.