జావాలో వెబ్ ఫారాలు, 5వ పాఠం: ఖానాకు మన రెండరర్

నాలుగో పాఠంలో మామిడి గుజ్జు ఫ్యాక్టరీ కాటా దగ్గర వాడే ఫారం కట్టాం. రైతు పేరు, మండలం, బండి నంబరు, లోడు బరువు, ఖాళీ బండి బరువు. పని చేస్తోంది. కానీ చిత్తూరు వైపు తోతాపురి లోడు దిగేచోట కాటా చీటీలో పడేది కిలోలు, మన ఫారం అడిగేది టన్నులు. 8.45 కొట్టాల్సిన చోట 8450 కొట్టేస్తారు. ఖానా పక్కనే ‘టన్నులు’ అని ఉండాలి, కిందనే తప్పు సందేశం రావాలి. ప్రతి పేజీలో ఆ ముక్కలు చేత్తో అతికించవచ్చు గానీ, పదో పేజీకి వచ్చేసరికి ఒకచోట మరిచిపోతారు. ఆ పని రెండరర్‌కు అప్పగిద్దాం. ఖానాను పేజీలో రాసే క్లాసు అది.

ఈ ఫారాలు కట్టే జావా ఫ్రేమ్‌వర్క్, ఒకప్పుడు జేఎస్ఎఫ్ అన్నది, ఇప్పుడు జకార్తా ఫేసెస్. 2020లో వచ్చిన 3.0 వెర్షన్‌తో ప్యాకేజీ పేర్లు ‘జావాఎక్స్’ నుంచి ‘జకార్తా’కు మారాయి. ఈ పాఠంలోని పేర్లు 4.0వి. పాత ప్రాజెక్టులో ఉన్నవాళ్లు ఆ ఒక్క మాట మార్చుకుంటే చాలు.

ఫేసెస్‌లో కాంపొనెంట్ వేరు, రెండరర్ వేరు. విలువను, దాన్ని తనిఖీ చేసే వ్యాలిడేటర్లను మోసేది కాంపొనెంట్. హెచ్‌టీఎంఎల్ రాసేదీ, బ్రౌజర్ పంపిన విలువను తిరిగి చదివేదీ రెండరర్. ఈ రెండో సగాన్నే చాలామంది మరిచిపోతారు. ఖానా చక్కగా కనిపిస్తుంది, సేవ్ నొక్కితే బరువు మాత్రం బీన్‌లోకి (ఫారం విలువలు దాచే జావా ఆబ్జెక్టులోకి) రాదు.

రెండరర్‌ను ఫ్రేమ్‌వర్క్ ఫ్యామిలీ, రెండరర్ టైపు అనే రెండు పేర్లతో వెతుకుతుంది. మామూలు టెక్స్ట్ ఖానాకు అవి ‘జకార్తా.ఫేసెస్.ఇన్‌పుట్’, ‘జకార్తా.ఫేసెస్.టెక్స్ట్’. అదే జంటకు మన క్లాసు కట్టేస్తే అప్లికేషన్‌లోని టెక్స్ట్ ఖానాలన్నీ మారిపోతాయి, రైతు పేరు పక్కన కూడా ‘టన్నులు’ వస్తుంది. అందుకే ఫ్యామిలీ అదే ఉంచి, టైపును ‘చిత్తూరు.తూకం’ అందాం. రెండరర్ క్లాసును ఎక్స్‌టెండ్ చేసి, పైన ఫేసెస్‌రెండరర్ యానొటేషన్‌లో ఈ రెండూ ఇవ్వండి. ట్యాగ్‌లిబ్ ఫైల్లో (సొంత ట్యాగులు నమోదు చేసే చోటు) ‘తూకం’ అనే ట్యాగ్ రాసి, కాంపొనెంట్ టైపు ‘జకార్తా.ఫేసెస్.హెచ్‌టీఎంఎల్‌ఇన్‌పుట్‌టెక్స్ట్’, రెండరర్ టైపు మనది పెట్టండి. కొత్త కాంపొనెంట్ క్లాసు అక్కర్లేదు. టైపు పేరులో ఒక్క అక్షరం తేడా ఉన్నా ఎర్రర్ పేజీ రాదు, ఆ చోటు ఖాళీగా ఉంటుందంతే. ఫేసెస్ కాన్ఫిగ్‌లో మెటాడేటా‌-కంప్లీట్ ‘ట్రూ’ అని ఉన్నా యానొటేషన్‌ను చూడదు, ఫలితం అదే ఖాళీ.

ఇక రాయడం. పిల్ల కాంపొనెంట్లు లేవు కాబట్టి అంతా ఎన్‌కోడ్‌ఎండ్ మెథడ్‌లోనే. బయట ఒక డివ్, లోపల లేబుల్, ఇన్‌పుట్, ‘టన్నులు’ అన్న స్పాన్, చివర సందేశం. క్లయింట్ ఐడీని, అంటే పేజీలో ఈ కాంపొనెంట్‌కు ఫేసెస్ ఇచ్చే ఐడీని, బయటి డివ్‌కు ఐడీగా ఇవ్వండి, లోపలి ఇన్‌పుట్‌కు నేమ్‌గా ఇవ్వండి. ఐడీని ఇన్‌పుట్‌కే ఇస్తే ఏమవుతుందంటే, ఎజాక్స్ అప్‌డేట్ (పేజీ మొత్తం కాకుండా ఒక ముక్కే మారడం) వచ్చినప్పుడు ఇన్‌పుట్ ఒక్కదాన్ని తీసి ఆ చోట డివ్ మొత్తాన్ని దింపుతుంది. నాలుగుసార్లు అప్‌డేట్ అయితే పక్కన ‘టన్నులు’ ఐదు కనిపిస్తాయి. ఐడీ డివ్‌కు పోయింది కనుక, ఫేసెస్ అవుట్‌పుట్‌లేబుల్‌ను బయటి నుంచి తగిలిస్తే నొక్కినా కర్సర్ ఖానాలోకి పోదు. లేబుల్‌ను మనమే రాయడం అందుకే. ఇన్‌పుట్‌కు వేరే ఐడీ, క్లయింట్ ఐడీకి చివర ‘_ఇన్’ చేర్చి, ఇచ్చి లేబుల్ ‘ఫర్’లో అదే పెట్టండి.

ఏ విలువ చూపాలి? ముందు సబ్మిటెడ్‌వాల్యూ (బ్రౌజర్ నుంచి వచ్చిన ముడి రాత) నల్ కాకపోతే అది, నల్ అయితేనే కన్వర్టర్ (రాతను జావా విలువగా, విలువను రాతగా మార్చేది) ద్వారా అసలు విలువ. ఈ వరుస తప్పితే, ‘8.4x’ అని కొట్టినవాళ్లకు తప్పు సందేశం వస్తుంది గానీ వాళ్లు కొట్టింది మాయమవుతుంది. రైతు పేరులాంటి మాటలను రైట్‌టెక్స్ట్‌తోనే రాయండి. ఉత్త రైట్ వాడితే ఎస్కేప్ జరగదు (‘<’ లాంటి గుర్తులు ఉత్త అక్షరాలుగా మారవు), ఎవరైనా స్క్రిప్ట్ కొడితే నడిచి కూర్చుంటుంది.

బ్రౌజర్ పంపినదాన్ని చదివే డీకోడ్ మెథడ్‌లో పని చిన్నది: రిక్వెస్ట్ పారామీటర్ మ్యాప్ నుంచి క్లయింట్ ఐడీ పేరిట ఉన్నది తీసి సెట్‌సబ్మిటెడ్‌వాల్యూకు ఇవ్వడం. అంతకు ముందు డిసేబుల్డ్, రీడ్‌ఓన్లీ చూసి అక్కడే ఆగండి. తూకం ఖాయం చేసి ఖానా మూసేశాక కూడా బ్రౌజర్ ఇన్‌స్పెక్టర్‌లో ఆ అట్రిబ్యూట్ తీసేసి అంకె మార్చొచ్చు. దాన్ని ఆపేది సర్వర్‌లోని ఈ తనిఖీయే.

అసలు చిక్కు గెట్‌కన్వర్టెడ్‌వాల్యూ దగ్గర ఉంది. వచ్చిన రాతను అసలు విలువగా మార్చే మెథడ్ అది. రెండరర్ ఉన్న ఖానాకు కన్వర్టర్‌ను పిలవాల్సింది రెండరరే. మాతృ క్లాసులోని మెథడ్ మాత్రం వచ్చిన స్ట్రింగ్‌ను వచ్చినట్టే తిరిగి ఇచ్చేస్తుంది. ట్యాగ్‌లో కన్వర్టర్ ఎంత పద్ధతిగా పెట్టినా అది కదలదు, తప్పు అంకె బీన్‌లోకి ఎక్కే దశలో బయటపడుతుంది, అదీ మీరు రాయని సందేశంతో. కాబట్టి ఈ మెథడ్‌ను ఓవర్‌రైడ్ చేయండి. కాంపొనెంట్ కన్వర్టర్ ఉంటే గెట్‌యాజ్‌ఆబ్జెక్ట్ పిలవండి, లేకపోతే ఖానాను బీన్‌కు కలిపే వాల్యూ ఎక్స్‌ప్రెషన్ టైపును బట్టి అప్లికేషన్ నుంచి క్రియేట్‌కన్వర్టర్‌తో తెప్పించుకోండి.

క్లాసులో ఫీల్డులు పెట్టకండి. అప్లికేషన్ అంతటికీ ఈ రెండరర్ ఇన్‌స్టెన్స్ ఒక్కటే. మీ మెషీన్లో ఒక్కరే పరీక్షించినంతసేపూ బాగానే ఉంటుంది. జూన్, జూలైల్లో లోడ్లు వరుస కట్టి మూడు కౌంటర్లు ఒకేసారి నడిస్తే ఒకరి బరువు ఇంకొకరి తెరమీద పడుతుంది. కావాల్సినవన్నీ మెథడ్ లోపలి వేరియబుల్స్‌గానో కాంపొనెంట్ అట్రిబ్యూట్లుగానో ఉంచండి.

ఇప్పుడు ‘8.4x’ కొట్టి సేవ్ నొక్కండి. అదే రాత ఖానాలో మిగిలి, కింద మీ కన్వర్టర్ సందేశం రావాలి. ఆ తర్వాత ట్యాగ్ లోపల ఎఫ్:ఎజాక్స్ (విలువ మారగానే ఎజాక్స్ పంపే ట్యాగ్) పెట్టి చూడండి. బరువు మార్చినా ఏమీ కదలదు, ఎందుకంటే ఆ బిహేవియర్ స్క్రిప్టును ఆన్‌చేంజ్‌లో రాయాల్సిందీ మన రెండరరే. ఆ రాత ఆరో పాఠంలో.