ఎన్ని అంటే ఒకటి, ఎంత అంటే ఇంకొకటి: ఇంగ్లిష్ మాటల తికమకకు తెలుగు మందు

ఇతరులు రాసిన ఇంగ్లిష్ ఉత్తరాలు, రిపోర్టులు దిద్దడం పదిహేనేళ్లుగా నా పని. మనవాళ్ల ఇంగ్లిష్‌లో మళ్లీ మళ్లీ తగిలే పొరపాట్లకు వేరు చాలాసార్లు తెలుగులోనే ఉంటుందని ఈ పనిలో తెలిసొచ్చింది. విరుగుడు కూడా అక్కడే దొరుకుతుందని ఇంకొంచెం ఆలస్యంగా తెలిసింది. అందుకే వ్యాకరణ సూత్రాల జోలికి ఎక్కువ పోకుండా, తప్పు ఎలా కనబడుతుందో, ఎందుకు వస్తుందో, ఎలా పోతుందో ఆ వరసలో రాస్తున్నాను.

లక్షణం: "రివర్ట్ చేయండి" అని రాస్తే, అవతలివాళ్లు చేసిన పనంతా వెనక్కి తీసేశారు

ఇది నా కళ్ల ముందు జరిగింది. ఒక సాఫ్ట్‌వేర్ టీము నుంచి అమెరికాలో ఉన్న సహోద్యోగికి మెయిల్ వెళ్లింది. కొత్తగా చేసిన మార్పు మీద అభిప్రాయం చెప్పి "రివర్ట్" చేయమని అందులో ఉంది. తెల్లారేసరికి ఆ మార్పే లేదు. ఆయన తప్పేమీ చేయలేదు, చెప్పింది చెప్పినట్టు చేశాడు.

కారణం: రివర్ట్ అంటే మునుపటి స్థితికి తిరిగి వెళ్లడం. మన ఆఫీసుల్లో, సింగపూర్, మలేషియా ఆఫీసుల్లో కూడా, అది "జవాబివ్వండి" అనే అర్థంలో స్థిరపడింది. మన మధ్య మనకు ఇబ్బంది లేదు. కోడ్ రాసేవాళ్లకు మాత్రం రివర్ట్ అనేది రోజూ వాడే ఆజ్ఞ, దానికి ఒకటే అర్థం.

మందు: రిప్లై అని రాయండి. దాని పక్కన "బ్యాక్" తగిలించకండి. "తిరిగి ఇచ్చాను", "తిరిగి రాశాను" అనే అలవాటులోని "తిరిగి" జారి వచ్చి బ్యాక్ అవుతుంది. రిటర్న్, రిప్లై లాంటి మాటల్లో ఆ తిరగడం ముందే ఉంది. "డిస్కస్ అబౌట్" కూడా ఈ కోవదే. మన "గురించి" అక్కడ చేరిపోయింది. డిస్కషన్ అనే నామవాచకం పక్కన అబౌట్ ఉండొచ్చు, డిస్కస్ అనే క్రియ పక్కన అక్కర్లేదు.

లక్షణం: "లూజ్", "ఎఫెక్ట్" రాసిన ప్రతిసారీ స్పెల్లింగ్ తారుమారు

పోగొట్టుకోవడం అనే మాటకు ఒక ఓ, వదులుగా ఉండటం అనే మాటకు రెండు ఓలు. ఈ సంగతి అందరికీ తెలుసు, అయినా తప్పు పోదు. కారణం చెవిలో ఉంది. ఇంగ్లిష్‌వాళ్లు వదులు అనే మాటను "లూస్" అని సకారంతో ముగిస్తారు. మనం చొక్కా లూజుగా ఉందంటాం, నట్టు లూజైందంటాం. అంటే పోగొట్టుకునే మాట ఉచ్చారణను వదులు మాటకు ఇచ్చేశాం. చెవికి రెండూ ఒకటైపోయాక చేతికి తేడా ఎలా తెలుస్తుంది? ముందు నోటిని దిద్దుకోండి. వారం రోజులు "లూస్ షర్ట్" అని పలికి చూడండి, స్పెల్లింగ్ దానంతటదే సర్దుకుంటుంది. ఇక పోగొట్టుకునే మాటలో ఒక ఓ పోయిందని గుర్తుపెట్టుకుంటే సరిపోతుంది.

అఫెక్ట్, ఎఫెక్ట్ కూడా ఇంతే. "వానలకు మిర్చి బాగా ఎఫెక్ట్ అయింది" అంటాం కదా, అక్కడ ఇంగ్లిష్‌కు కావలసింది అఫెక్ట్. మీ మనసులోని తెలుగు వాక్యంలో "దెబ్బతీసింది", "ప్రభావితం చేసింది" అని క్రియ వస్తే అఫెక్ట్. "ప్రభావం", "ఫలితం" అని పేరుగా నిలబడితే ఎఫెక్ట్. ఒక మినహాయింపు ఉంది. ఒక మార్పును తీసుకొచ్చి నిలబెట్టడం అనే అర్థంలో ఎఫెక్ట్ క్రియ కూడా అవుతుంది. ప్రభుత్వ ఉత్తర్వుల్లో కనిపిస్తుంది. దాన్ని చూసి తప్పని కొట్టేయకండి.

లక్షణం: లెస్ ఎక్కడ, ఫ్యూయర్ ఎక్కడ అన్నది ఎన్నిసార్లు చదివినా నిలవదు

ఈ సమస్య దగ్గర కాసేపు ఆగుతాను. ఎందుకంటే దీనికి మందు మన నోట్లోనే ఉంది.

సూత్రం ప్రకారం లెక్కపెట్టగలిగేవాటికి ఫ్యూయర్, లెక్కకు రానివాటికి లెస్. మన "తక్కువ" రెండు చోట్లా నప్పుతుంది కాబట్టి తికమక. కానీ ప్రశ్న వేసేటప్పుడు తెలుగు ఈ తేడాను వదలదు. ఎన్ని పుస్తకాలు, ఎంత ఇసుక. ఎన్ని తప్పులు, ఎంత ఓపిక. మనుషులకైతే ఎందరు అని మరో మాట కూడా ఉంది. కాబట్టి రాసేముందు తెలుగులో ప్రశ్న వేసుకోండి. ఎన్ని, ఎందరు అని వస్తే ఫ్యూయర్. ఎంత అని వస్తే లెస్.

ఇంగ్లిష్ సూత్రానికి ఉన్న చిక్కుముడి మినహాయింపులు కూడా దీంతో విడిపోతాయి. రూపాయలు లెక్కపెట్టొచ్చు, అయినా "ఐదు వందల రూపాయలకు లెస్" అంటారు. కిలోమీటర్లూ లెక్కపెట్టొచ్చు, అక్కడా లెస్సే. ఎందుకని అడిగితే ఇంగ్లిష్ పుస్తకాలు అరపేజీ వివరిస్తాయి. మనం అడిగే ప్రశ్న ఏమిటి? ఎంత డబ్బు, ఎంత దూరం, ఎంతసేపు. అంతే, జవాబు వచ్చేసింది. దీన్ని మొదటిసారి గమనించిన రోజు చేతిలో పని పక్కన పెట్టేసి, ఒక్కో ఉదాహరణా తీసి పరీక్షిస్తూ కూర్చున్నాను.

ఒక్కచోట జాగ్రత్త. నీళ్లు, పాలు, సామాన్లు మనకు బహువచనాలు. "ఎన్ని పాలు పోయాలి?" అంటాం. ఇక్కడ రెండో పరీక్ష పెట్టాలి: ముందు అంకె నిలుస్తుందా? మూడు పుస్తకాలు సరే. మూడు నీళ్లు కుదరదు, మూడు గ్లాసుల నీళ్లు అనాలి. కుదరకపోతే లెస్. ఫర్నిచర్స్, లగేజెస్ అని రాసే అలవాటు కూడా సామాన్లు అనే బహువచనం నుంచే వస్తుంది. ఇంగ్లిష్‌లో ఆ మాటలు ఎప్పుడూ ఏకవచనాలు.

ఇంతకీ ఈ సూత్రం ఎంత పాతది? 9వ శతాబ్దంలో ఇంగ్లిష్ రాజు ఆల్ఫ్రెడ్ లెక్కకు వచ్చేవాటికి కూడా లెస్సే వాడాడు. 1770లో రాబర్ట్ బేకర్ అనే ఆయన, అంకెల దగ్గర ఫ్యూయర్ అయితే తనకు ఇంకా బాగుంటుందని రాశాడు. అది ఆయన ఇష్టం, అంతే. అదే తర్వాత సూత్రమై కూర్చుంది. 2008లో బ్రిటన్‌లో టెస్కో దుకాణాలు, కౌంటర్ల దగ్గర "టెన్ ఐటమ్స్ ఆర్ లెస్" అన్న బోర్డుల మీద విమర్శలు రావడంతో, రెండు మాటలూ లేకుండా "అప్ టు టెన్ ఐటమ్స్" అని మార్చుకున్నాయి. నేను రాసేటప్పుడు ఫ్యూయర్ పాటిస్తాను. దుకాణం బోర్డు జోలికి పోను.

లక్షణం: "ఐ హావ్ ఎ డౌట్" అంటే లెక్చరర్ ముఖం మారింది

విదేశాలకు చదువుకు వెళ్లే పిల్లలు మొదటి నెలలో ఎదుర్కొనేది ఇదే. అక్కడ డౌట్ అంటే నమ్మకం లేకపోవడం. పిల్లవాడు అడిగింది "ఇది అర్థం కాలేదు" అని, వాళ్లకు వినిపించింది "మీరు చెప్పింది నమ్మను" అని. మన "సందేహం"లో తెలియకపోవడం, నమ్మకపోవడం రెండూ ఇమిడి ఉన్నాయి. క్వశ్చన్ అనండి, సరిపోతుంది.

దీని పక్కనే ఇంకో జబ్బు ఉంది: ఇంప్లై, ఇన్ఫర్. "నువ్వు ఏం ఇన్ఫర్ చేస్తున్నావ్, నేను అబద్ధం చెప్పాననా?" అని రాస్తుంటారు. అక్కడ ఉండాల్సింది ఇంప్లై. ఇంగ్లిష్ మాతృభాషగా ఉన్నవాళ్లూ ఇక్కడ తడబడతారు. మనకు మాత్రం తర్కశాస్త్రం ఉంది. కొండ మీద పొగ కనిపిస్తోంది కనుక అక్కడ నిప్పు ఉంది అని తెలుసుకోవడాన్ని తార్కికులు అనుమానం అన్నారు. అదే ఇన్ఫర్. పొగ చూసి నిప్పును తెలుసుకునేవాడు ఇన్ఫర్ చేస్తాడు. నిప్పు మాట ఎత్తకుండా పొగ మాత్రం చూపించేవాడు ఇంప్లై చేస్తాడు. "ఈ ఏడాది ఖర్చులు బాగా పెరిగాయి" అని యజమాని అంటే ఆయనది ఇంప్లై. జీతం పెరగదని మీకు అర్థమైతే మీది ఇన్ఫర్.

వాడుక తెలుగులో అనుమానం అంటే ఇప్పుడు శంక. తర్కంలో నిశ్చయానికి దారిచూపే మాట వీధిలోకి వచ్చేసరికి అనిశ్చయానికి పేరైంది. ఎవరూ దాన్ని తప్పనడం లేదు, నేనూ అనను. తెలుగు మాట ఇలా నడిచి వచ్చిన దారి గుర్తుంటే, ఇంగ్లిష్ మాట నాలుగడుగులు జరిగినందుకు కోపం తెచ్చుకోబుద్ధి కాదు.

లక్షణం: "న్యాయమూర్తి డిసింటరెస్టెడ్‌గా ఉండాలి" అని చదివి, నిద్రపోవాలా అని అడిగారు

డిసింటరెస్టెడ్ అంటే తటస్థుడు. తటం అంటే ఒడ్డు. ఏటిలో ఇద్దరు కొట్టుకుంటుంటే ఒడ్డున నిలబడి చూసేవాడు. ఏరు ఎటు పారినా అతనికి లాభం లేదు, నష్టం లేదు. కానీ కళ్లు మాత్రం అటే ఉంటాయి. అన్‌ఇంటరెస్టెడ్ అంటే నిరాసక్తుడు. అతను ఏటి వైపే రాడు. న్యాయమూర్తి మొదటివాడు కావాలి, రెండోవాడు కాకూడదు.

ఇక్కడ ఛాందసులకు ఒక పాఠం ఉంది. "అసలు అర్థం ఇదే" అని డిసింటరెస్టెడ్ తరఫున వాదించేవాళ్లున్నారు. చరిత్ర వాళ్ల పక్షాన లేదు. 17వ శతాబ్దంలో తొలుత డిసింటరెస్టెడ్ ఆసక్తి లేకపోవడానికే వాడారు. అన్‌ఇంటరెస్టెడ్ పక్షపాతం లేకపోవడానికి వాడారు. తర్వాత రెండూ చోట్లు మార్చుకున్నాయి. మరి ఈ తేడాను ఎందుకు పట్టుకోవాలి? పాతదని కాదు, పనికొస్తుందని. తటస్థుడికి ఒక మాట ఉండటం కోర్టుకూ కావాలి, పంచాయతీకీ కావాలి. నాకు మాటల పట్టింపు ఉన్నదంతా ఇలాంటి చోట్లే.

లక్షణం: ప్రతి వాక్యంలో "లిటరల్లీ"

మందు: అక్కడ "అక్షరాలా" పెట్టి చూడండి. రెండు మాటలూ అక్షరం నుంచి పుట్టినవే. రసీదులో "అక్షరాలా పదివేల రూపాయలు" అన్నంత ఖచ్చితంగా చెప్పగలిగితే ఉంచండి. "లిటరల్లీ చచ్చిపోయాను" లాంటిది మాట్లాడేటప్పుడు వాడుకోండి, 18వ శతాబ్దం నుంచీ వాడుతున్నారు. రిపోర్టులో వద్దు.

లక్షణం: "2015లో కాలేజీ నుంచి పాస్డ్ అవుట్" అంటే పాపం అన్నారు

స్పృహ తప్పి పడిపోయారనుకున్నారు. పోలీసు, సైనిక శిక్షణ ముగిశాక జరిగే పాసింగ్ అవుట్ పరేడ్ నుంచి మన కాలేజీల్లోకి వచ్చిన మాట ఇది. హైదరాబాద్‌లోని జాతీయ పోలీసు అకాడమీ పరేడ్ వార్తల్లో ఏటా వింటూనే ఉంటాం. బయోడేటాలో గ్రాడ్యుయేటెడ్ అని రాయండి.

లక్షణం: "ప్రీపోన్" రాశారని మాట పడ్డారు

ఇక్కడ జబ్బు లేదు, మందు వద్దు. లాటిన్‌లో పోనెరె అంటే పెట్టడం. వెనక పెడితే పోస్ట్‌పోన్, ముందు పెడితే ప్రీపోన్. 16వ శతాబ్దంలోనే వేరే అర్థంలో ఈ మాట ఉంది. 1913లో న్యూయార్క్ టైమ్స్‌కు వచ్చిన ఒక లేఖ పోస్ట్‌పోన్‌కు జోడీగా దీన్ని ప్రతిపాదించింది. వాళ్లు వదిలేశారు, మనం వాడుకుంటున్నాం. ఇప్పుడు ఆక్స్‌ఫర్డ్ డిక్షనరీలో ఉంది. మన రాతల్లో ధైర్యంగా వాడండి. బయటివాళ్లకు రాసేటప్పుడు మాత్రం "మీటింగు ముందుకు జరిపాం" అని విడమరచండి.

లక్షణం: పక్కవాళ్ల తప్పు కనిపిస్తే చెప్పకుండా ఉండలేకపోవడం

సూత్రంలో అర మాత్ర, అంటే ఒక పొట్టి అచ్చు పలికే కాలంలో సగం, ఆదా అయితే వ్యాకరణవేత్తలు కొడుకు పుట్టినంత సంబరపడతారని సంస్కృతంలో నానుడి. ఆ సంబరం నిజమైనదే. రెండు మాటల మధ్య ఉన్న సన్నటి గీత కనిపించి, చెప్పదలుచుకున్నది ఆ గీతకు ఇవతలే కచ్చితంగా పడినప్పుడు కలిగే తృప్తికి సాటి నాకు తెలియదు. దాన్ని ఒంటరిగా అనుభవించడం కష్టం, అందుకే పక్కవాళ్లను దిద్దాలనిపిస్తుంది.

దిద్దేముందు డిక్షనరీ తెరవండి. మీరు సూత్రం అనుకున్నది సూత్రం కాకపోవచ్చు. వాక్యం చివర ప్రిపొజిషన్ రాకూడదన్న పట్టింపు 1672లో కవి డ్రైడెన్ వెలిబుచ్చిన అభ్యంతరంతో ప్రచారంలోకి వచ్చింది. ఇంగ్లిష్ స్వభావం అందుకు ఎప్పుడూ ఒప్పుకోలేదు. డిక్షనరీలో ఉన్నంత మాత్రాన మంచి మాట అని కూడా కాదు. రిగార్డ్‌లెస్‌కు ముందు అక్కర్లేని తోక తగిలించిన "ఇర్రిగార్డ్‌లెస్" 1934 నుంచీ మెరియమ్ వెబ్‌స్టర్ అనే అమెరికన్ డిక్షనరీలో ఉంది, ప్రామాణికం కాదన్న ముద్రతో. తర్వాత మీ సవరణను మీరే మూడుసార్లు చదవండి. ఇతరుల తప్పు ఎత్తిచూపే రాతలో ఒక తప్పు దొర్లి తీరుతుందని ఆస్ట్రేలియాలో జాన్ బాంగ్‌సండ్ అనే ఎడిటర్ 1992లో సూత్రీకరించారు. నా అనుభవం దాన్ని బలపరుస్తోంది. ఇవన్నీ అయ్యాక నలుగురిలో కాకుండా విడిగా, ఒక్క తప్పే చెప్పండి, కారణంతో సహా. కారణం చెప్పలేకపోతే దిద్దకండి.

లక్షణం: "కజిన్ బ్రదర్" మీద ఎర్ర సిరా

నేనూ చాలాకాలం కొట్టేసినదాన్నే ఇప్పుడు వెనకేసుకొస్తున్నాను. కజిన్ అంటే చాలదా, బ్రదర్ ఎందుకు అంటారు. మనకు చాలదు. పెదనాన్న కొడుకూ, పెద్దమ్మ కొడుకూ మనకు అన్నలే, తమ్ముళ్లే. మేనమామ కొడుకు, మేనత్త కొడుకు కారు. ఒక ఆడపిల్ల దృష్టిలో ఈ తేడా ఎంత పెద్దదో చెప్పనక్కర్లేదు. ఇంగ్లిష్‌లోని కజిన్ ఈ అందరినీ ఒకే గంపలో వేసింది. కజిన్ బ్రదర్ అని పుట్టించినవాళ్లు ఇంగ్లిష్‌లో లేని గీతను గీసుకున్నారు.

మందు: అమెరికా వీసా కాగితాల్లో కజిన్ అని రాయండి. మన పెళ్లి ఫొటోల కింద కజిన్ బ్రదర్ ఉంచుకోండి, నేను ముట్టుకోను. మేనత్త కొడుకును మాత్రం కజిన్ బ్రదర్ అని రాయకండి. ఆయన బావ.