చిప్స్ ప్యాకెట్ దగ్గర చేయి ఆగడం లేదా? పేగుల నుంచి మొదలుపెట్టండి

కడుపు నిండా భోంచేసి, చేయి కడుక్కుని గంట కూడా కాకముందే వంటింట్లో డబ్బాల మూతలు తీస్తున్నారంటే అది ఆకలి కాదని మీకూ తెలుసు. రెండు బిస్కెట్లు తిందామని తెరిచిన ప్యాకెట్ ఖాళీ అయ్యేదాకా ఆగలేకపోవడం, తిన్నాక తిట్టుకోవడం, ఆ టెన్షన్ తగ్గడానికి మళ్లీ ఇంకేదో తినడం, రేపట్నుంచి మానేస్తానని రోజూ అనుకోవడం. నోరు కట్టుకోవడం చేతకాదని ఇంట్లోవాళ్లు అంటారు, విని విని మనమూ అదే నమ్మేస్తాం. కానీ రాత్రి పదింటికి పళ్ల బిగువున ఆపుకుంటే తేలే విషయం కాదిది. పొద్దున్న, మధ్యాహ్నం మీ పేగుల్లోకి ఏం వెళ్లిందో అక్కడ సరిచేసుకుంటూ వస్తే పదింటి పోరు దానంతటదే కొంత చల్లబడుతుంది. ఎలాగో చెప్తాను.

ముందు మీది మామూలు ఇష్టమా, అంతకు మించిందా చూసుకోండి. 2009లో అమెరికాలోని యేల్ యూనివర్సిటీలో యాష్లీ గేర్‌హార్ట్, ఆమెతో పనిచేసినవాళ్లు దీనికోసం ఒక ప్రశ్నల పట్టిక తయారుచేశారు, 2016లో దాన్ని 35 ప్రశ్నలతో తిరగరాశారు. మందుకి, సిగరెట్‌కి బానిసయ్యారా అని చూసే గుర్తులనే ఇక్కడ తిండికి పెట్టి, గడిచిన 12 నెలల గురించి అడుగుతారు. అనుకున్నదానికంటే ఎక్కువ తినేస్తున్నారా, తగ్గించాలని పదేపదే ప్రయత్నించినా తగ్గించలేకపోయారా, షుగరో బీపీయో పెరుగుతోందని తెలిసీ తింటున్నారా, మానేసిన రోజు చిరాకు, తలనొప్పి వస్తున్నాయా, తిండి కోసం పనులూ మనుషులూ పక్కకి పోతున్నారా. వీటిలో చాలావాటికి అవునంటే, దానివల్ల రోజువారీ జీవితం దెబ్బతింటుంటే, తేలిగ్గా తీసుకోకండి. డాక్టర్లు వాడే మానసిక జబ్బుల జాబితాలో ఫుడ్ అడిక్షన్ అనే పేరు ఇంకా చేరలేదు. అంతమాత్రాన మీరు పడుతున్న బాధ అబద్ధం కాదు.

ఇప్పుడు పేగుల సంగతి. 2024లో బార్సిలోనాలోని పాంపెయు ఫాబ్రా యూనివర్సిటీ నుంచి ఎలీనా మార్టిన్-గార్సియా, రఫాయెల్ మాల్డొనాడో వాళ్ల బృందం ఒక అధ్యయనం ప్రచురించింది. ఎలుకలకి మీట నొక్కితే చాక్లెట్ రుచి ఉన్న గుళికలు దొరికేలా పెట్టారు. కొన్ని ఎలుకలు తిండి రాని సమయంలో కూడా మీట నొక్కుతూనే ఉన్నాయి, ఎంత కష్టపడాల్సి వచ్చినా వదల్లేదు, నొక్కితే చిన్న షాక్ కొడుతున్నా ఆగలేదు. మిగతావి అదే తిండి తింటూ కూడా అలా మారలేదు. రెండు రకాల ఎలుకల పేగులూ పరీక్షిస్తే, బానిసైన వాటిలో బ్లౌషియా అనే బ్యాక్టీరియా తగ్గి కనిపించింది. యేల్ పట్టిక ప్రకారం తిండికి బానిసలైన మనుషుల్లోనూ అదే తగ్గింది. తర్వాత ఎలుకలకి లాక్టులోజ్, రామ్నోజ్ అనే చక్కెరలు పెట్టారు. ఇవి మన ఒంటికి అరగవు, పేగుల్లోని బ్యాక్టీరియాకి మేతవుతాయి. అవి పెట్టాక బ్లౌషియా పెరిగింది, ఎలుకల ప్రవర్తన మెరుగుపడింది.

ఇది చదివి మందుల షాపుకి పరిగెత్తకండి. లాక్టులోజ్ అంటే మలబద్ధకానికి ఇచ్చే సిరప్పే, ఇష్టమొచ్చినట్టు తాగితే విరేచనాలు పట్టుకుంటాయి. పైగా ఈ యావకి అది మందని మనుషుల్లో తేలలేదు. మనుషుల్లో ఇప్పటికి తెలిసింది బ్లౌషియా తగ్గడం, తిండికి బానిసవడం రెండూ కలిసి కనిపిస్తున్నాయని మాత్రమే, ఏది దేనివల్ల వచ్చిందో కాదు. అయినా నాకు ఇందులో పనికొచ్చే మాట దొరికింది: పేగుల్లోని బ్యాక్టీరియాకి మేత కావాలి, ఆ మేత మన పళ్లెంలో ఉండాలి.

ఆ మేత పేరు పీచు. మనం అరిగించుకోలేని పీచు పెద్దపేగు దాకా వెళ్తే అక్కడి బ్యాక్టీరియా దాన్ని పులియబెట్టి బ్యుటిరేట్, ప్రొపియొనేట్ లాంటి చిన్న ఆమ్లాలు తయారుచేస్తుంది. పేగు గోడలోని కణాలకి అవి తగిలినప్పుడు జీఎల్‌పీ-1, పీవైవై అనే హార్మోన్లు వస్తాయి, చాల్లే అని మెదడుకి చెప్పేవి ఇవే. ఇప్పుడు అందరి నోటా వినిపిస్తున్న బరువు తగ్గించే ఇంజెక్షన్లు ఈ జీఎల్‌పీ-1ని అనుకరించేవే. పీచుతో వచ్చే ప్రభావం ఇంజెక్షన్ అంత బలంగా ఉండదు, అది ముందే చెప్తున్నాను.

ఇక పని. మొదటి వారం ఏమీ మానకండి, రాయండి. ఏ టైముకి యావ పుట్టింది, ఏం తిన్నారు, అంతకుముందు భోజనంలో ఏముంది, ముందు రాత్రి ఎంత నిద్రపోయారు. ఫోన్‌లో నాలుగు ముక్కలు చాలు. పొద్దున్న రెండు ఇడ్లీలు కొబ్బరి చట్నీతో, మధ్యాహ్నం తెల్లన్నం, పప్పుచారు, అప్పడం, సాయంత్రం టీ బిస్కెట్లు అని వరసగా రాసి ఉంటే, పీచు ఎక్కడుందా అని మీరే వెతుక్కోవాల్సి వస్తుంది.

రెండో వారం నుంచి చేర్చడం మొదలుపెట్టండి, తీసేయడం తర్వాత. హైదరాబాద్ తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ 2017లో ఇచ్చిన పట్టికలు చూస్తే, 100 గ్రాముల పాలిష్ పట్టిన బియ్యంలో పీచు 3 గ్రాములు కూడా లేదు. జొన్నల్లో 10, రాగుల్లో, సజ్జల్లో 11 గ్రాముల దాకా ఉంది. నల్ల శనగల్లో 25 గ్రాములు. పెద్దవాళ్లకి రోజుకి కనీసం 25 గ్రాముల పీచు కావాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్తోంది, తెల్లన్నం మీదే బతికితే అది అందదు. అన్నం మానమని నేను అనను, మన ఇళ్లలో అది జరిగే పని కాదు. రెండు పూటల్లో ఒక పూట జొన్నరొట్టో, రాగిసంకటో పెట్టుకోండి. రెండో పూట అన్నం తగ్గించి, తగ్గిన చోట గోరుచిక్కుడో, తోటకూరో, బెండకాయో పెట్టండి. కూర అంటే అన్నంలో నంజుకునేంత కాదు, గుప్పెళ్లతో కొలిచేంత. రాగిజావ తాగుతున్నాం కదా అంటారేమో, మెత్తటి పిండి పల్చగా కాచి బెల్లం వేసుకుంటే అది తొందరగా అరిగిపోతుంది, సంకటి అంత నిలవదు.

సాయంత్రం నాలుగింటి చోటు మాత్రం గుగ్గిళ్లకి ఇచ్చేయండి. నల్ల శనగలు రాత్రి నానబోసి, పొద్దున్న కుక్కర్‌లో ఉడికించి, ఆవాలు, ఎండుమిర్చి, కరివేపాకు తాలింపు పెట్టి, తినే ముందు ఉల్లిపాయ, నిమ్మరసం. అలసందలైనా, ఉలవలైనా, పెసలైనా ఇంతే. ఆ టైములో కడుపులో ఇవి పడితే రాత్రి దాకా నిలుస్తాయి. నేను చెప్పే పనుల్లో ఒక్కటే చేస్తానంటే ఇదే చేయండి అంటాను.

ఒక్కసారిగా పెంచారో, కడుపు ఉబ్బరం, గ్యాస్ మొదలై మూడో రోజుకే వదిలేస్తారు. మొదట గుప్పెడులో సగం, వారానికి కొంచెం పెంచుతూ, నీళ్లు ఎక్కువ తాగుతూ వెళ్లండి. రకాలు మార్చండి, అదీ ముఖ్యం. 2018లో వచ్చిన ఒక పెద్ద అమెరికన్ అధ్యయనంలో వారానికి 30 రకాలకి పైగా మొక్కల ఆహారం తినేవాళ్ల పేగుల్లో, 10 కంటే తక్కువ తినేవాళ్లకంటే ఎక్కువ రకాల బ్యాక్టీరియా కనిపించింది. 30 అంటే భయపడకండి, కంది, పెసర, మినుము, నువ్వులు, పల్లీలు, మునగాకు, గోంగూర అన్నీ విడివిడిగా లెక్కే.

తర్వాత పులిసిన తిండి. స్టాన్‌ఫర్డ్‌లో 2021లో 36 మంది మీద చేసిన ప్రయోగంలో పది వారాల పాటు పెరుగు, కెఫిర్ అనే పులిసిన పాలు, పులియబెట్టిన కూరగాయల లాంటివి ఎక్కువగా తిన్నవాళ్ల పేగుల్లో బ్యాక్టీరియా రకాలు పెరిగాయి, రక్తంలో వాపుని సూచించే గుర్తులు తగ్గాయి. మనకి ఇవి కొత్త కాదు. ఇంట్లో తోడేసిన పెరుగు, పల్చటి మజ్జిగ, కోస్తాలో తరవాణి, అందరికీ తెలిసిన చద్దన్నం. ఇడ్లీ పిండి పులిసినా ఆవిరి మీద ఉడికేసరికి బ్యాక్టీరియా చచ్చిపోతుంది కాబట్టి దాన్ని ఈ ఖాతాలో వేయకండి. ఆవకాయనీ వేయకండి, అందులో ఉప్పు ఎక్కువ.

తోడేసిన అన్నం ఇలా చేసుకోండి. రాత్రి అన్నం కొంచెం మెత్తగా వండి, వెడల్పాటి గిన్నెలోకి తీసి మెదపండి. కాచిన పాలు అన్నం మునిగేంత పోయండి. వేలు పెడితే గోరువెచ్చగా తగలాలి, చుర్రుమంటే తోడులోని బ్యాక్టీరియా చచ్చిపోతుంది. అప్పుడు ఒక చెంచా పెరుగు కలిపి, పెద్ద ముక్కలుగా కోసిన ఉల్లిపాయ, చీల్చిన పచ్చిమిర్చి గుచ్చి మూత పెట్టేయండి. తెల్లారేసరికి గట్టిగా తోడుకుని, ఉల్లిపాయ ఘాటు పోయి ఉంటుంది. ఉప్పు అప్పుడు వేసుకోండి. వండిన అన్నం చల్లారినప్పుడు అందులో కొంత పిండిపదార్థం అరగని రూపంలోకి మారుతుంది, అది కూడా పేగు బ్యాక్టీరియాకి మేతే. అన్నం వండాక గంటల తరబడి బయట ఊరికే వదిలేసి తర్వాత తోడేయకండి, వండిన అన్నంలో వాంతులు తెప్పించే బ్యాక్టీరియా పెరగొచ్చు. ఎండాకాలంలో తోడుకోగానే ఫ్రిజ్‌లో పెట్టేయండి. షుగర్ ఉన్నవాళ్లు చిన్న గిన్నెతో ఆపాలి, అన్నం అన్నమే.

ఇవన్నీ ఒక దారిలో పడ్డాక, మూడో నాలుగో వారంలో, తీసేసే పని. అన్నీ మానక్కర్లేదు. కొవ్వు, చక్కెర రెండూ కలిసిన వాటి మీద గురి పెట్టండి: క్రీమ్ బిస్కెట్లు, కేకులు, చాక్లెట్లు, బేకరీ స్వీట్లు. ఫిలడెల్ఫియాలోని మొనెల్ సెంటర్‌లో 2024లో ఎలుకల మీద చూపించింది ఏంటంటే, పేగుల నుంచి మెదడుకి వెళ్లే వాగస్ నరంలో కొవ్వుకి ఒక దారి, చక్కెరకి వేరే దారి ఉన్నాయి, రెండూ ఒకేసారి మోగితే ఇంకా కావాలనిపించే డోపమైన్ అనే రసాయనం మెదడులో విడిగా తిన్నప్పటికంటే ఎక్కువ వస్తుంది, ఎలుకలు ఎక్కువ తింటాయి. నాలుక మీద రుచి పోయాక కూడా చేయి డబ్బాలోకి వెళ్తుండడానికి ఇదొక కారణం అనుకుంటున్నాను. వీటిని ఇంట్లో నిల్వ పెట్టొద్దు, తినాలనిపిస్తే బయటికెళ్లి ఒక్కటి కొనుక్కుని అక్కడే తిని రండి. పండక్కి వచ్చే స్వీట్ల డబ్బా అయితే ఆ రోజే పంచేయండి.

ప్యాకెట్లలో వచ్చేవాటి గురించి ఇంకొక మాట. అమెరికా జాతీయ ఆరోగ్య సంస్థలో కెవిన్ హాల్ బృందం 2019లో 20 మందిని అక్కడే ఉంచి, రెండు వారాలు ఫ్యాక్టరీలో బాగా మార్చిన తిండి, రెండు వారాలు మామూలుగా వండిన తిండి పెట్టింది. రెండింటిలో ఇచ్చిన చక్కెర, కొవ్వు, పీచు సమానమే, ఎంతైనా తినొచ్చు. ఫ్యాక్టరీ తిండి ఉన్నప్పుడు రోజుకి 500 క్యాలరీలు ఎక్కువ తిన్నారు. వాళ్లకేం మనోబలం తక్కువై కాదు కదా!

ప్రోబయోటిక్ క్యాప్సూల్స్ గురించి అడుగుతారు. తిండి యావ తగ్గిస్తుందని తేలిన క్యాప్సూల్ ఏదీ లేదు, పీచు తినకుండా అవి మింగడం ఎరువు లేని నేలలో విత్తనాలు చల్లడమే. ఆ డబ్బులతో శనగలు, కూరలు కొనండి. యాంటీబయోటిక్స్ జలుబుకీ దగ్గుకీ సొంతంగా కొని వేసుకోకండి, పేగుల్లో మంచివీ పోతాయి. నిద్ర తక్కువైన మర్నాడు యావ ఎక్కువని మీ రాతల్లోనే కనిపిస్తుంది.

తిండి మార్చిన కొద్ది రోజుల్లోనే పేగుల్లో మార్పు మొదలవుతుందని, పాత తిండికి వెళ్తే అంతే తొందరగా వెనక్కి పోతుందని 2014లోనే చూశారు. కాబట్టి నాలుగు రోజులు ఉపవాసంలా చేసి వదిలేస్తే లాభం లేదు. ఆరు వారాలయ్యాక మొదటి వారం రాతలు పక్కన పెట్టుకుని చూడండి. యావ పుట్టిందా లేదా అని కాకుండా, పుట్టినప్పుడు ఎంతలో ఆగగలిగారో చూడండి. పేగు జబ్బులు, కిడ్నీ సమస్య ఉన్నవాళ్లు, షుగర్ మందులు వాడేవాళ్లు ఇదంతా మొదలుపెట్టే ముందే డాక్టర్‌ని అడగాలి.

ఎవరూ చూడకుండా ఒక్కసారే విపరీతంగా తినడం, తిన్నది కక్కేయడం, రోజుల తరబడి పస్తుండి మళ్లీ తినడం ఉంటే అది పీచుతో సరిచేసుకునేది కాదు, సైకియాట్రిస్ట్ దగ్గరికి వెళ్లండి. వెళ్లడానికి సంకోచంగా ఉంటే ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ నంబర్ 14416కి ఫోన్ చేయండి, డబ్బులు కట్టక్కర్లేదు, తెలుగులోనే మాట్లాడొచ్చు.