రోహిణి కార్తె రాకముందే: షుగర్ ఉన్నవాళ్లు నడకలో, పనిలో పాటించాల్సిన జాగ్రత్తలు

మార్చి దాటిందంటే హనుమకొండ ఆర్ట్స్ కాలేజీ గ్రౌండ్‌లో, భద్రకాళి బండ్ మీద పొద్దున నడిచే షుగర్ పేషెంట్లు రెండు రకాలుగా విడిపోతారు. "ఎండలు తగ్గినంక సూద్దాం తియ్" అని మానేసేవాళ్లు కొందరు. "చెమట ఎంత కారితే షుగర్ అంత దిగుతది" అని ఎనిమిదింటిదాకా ఆగకుండా తిరిగేవాళ్లు ఇంకొందరు. ఈ రెండూ చేటే చేస్తాయి. నడక వల్ల వచ్చే మేలు ఒకట్రెండు రోజులకు మించి నిలవదు, అందుకే వరుసగా రెండు రోజులకు మించి మానొద్దని డాక్టర్లు చెప్తారు. ఇక చెమటలో పోయేది నీళ్లు, ఉప్పు. షుగర్ దిగేది కండరం పనిచేసినందుకు. పైగా ఒంట్లో నీళ్లు తగ్గితే రక్తంలో షుగర్ ఇంకా పెరుగుతుంది.

మామిడిపండ్ల కాలం కాబట్టి ఇంకో మాట. "రాత్రి రెండు పండ్లు తిన్న, పొద్దున నాలుగు రౌండ్లు ఎక్కువ కొడ్తా" అనే లెక్క పనికిరాదు. తిన్న గంట, రెండు గంటల్లో పెరగాల్సిన షుగర్ రాత్రే పెరిగిపోయింది. తెల్లారి ఎండలో కాళ్లీడ్చుకుంటూ తిరిగే బదులు, తిన్న కాసేపటికే ఇంటి ముందు పది, పదిహేను నిమిషాలు నిదానంగా నడిస్తే చాలా నయం. నడకను శిక్ష చేసుకున్నవాళ్లు ఎక్కువ రోజులు నడవలేరు. గోలీ వేసుకున్నట్టే రోజూ కొంచెం, వేళకు.

ఈ కాలంలో మార్చాల్సింది వేళను, చోటును. ఐదున్నరకల్లా వెలుగొస్తుంది, ఏడులోపు ఇల్లు చేరండి. సాయంత్రం పొద్దు గూకినా సిమెంటు రోడ్లు వేడి కక్కుతూనే ఉంటాయి కాబట్టి ఇంకాస్త ఆగి బయలుదేరండి. రామగుండం, భూపాలపల్లి వైపు 45 డిగ్రీలు దాటిన రోజుల్లో బయట నడక అసలే వద్దు. డాక్టర్లు చెప్పే వారానికి 150 నిమిషాల నడకంటే ఐదు రోజులు ఒకేసారి అరగంట తిరగాలని కాదు, పదేసి నిమిషాలు మూడుసార్లయినా లెక్కే. ఇంట్లోనే కుర్చీలోంచి లేచి కూర్చోవడం, గోడకు చేతులానించి నెట్టడం, నీళ్ల సీసాలు ఎత్తడం చేయొచ్చు. షుగర్ వల్ల కంటి లోపలి పొర (రెటీనా) రక్తనాళాలు దెబ్బతిన్నవాళ్లు మాత్రం ఊపిరి బిగబట్టి బరువులు ఎత్తకూడదు.

అన్నిటికంటే భయపడాల్సింది లో షుగర్‌కు. ఎండాకాలంలో దాన్ని గుర్తుపట్టడం కష్టం. గ్రౌండ్‌లో బెంచీ మీద కూర్చున్న పెద్దాయన చొక్కా తడిసి ఒంటికి అతుక్కుని ఉంటుంది. "ఏం కాలే బిడ్డా, ఉక్కపోత" అంటాడు. చేయి పట్టుకుని చూస్తే చల్లగా ఉంటుంది, వేళ్లు వణుకుతుంటాయి, అడిగినదానికి ఒకటికి రెండుసార్లు ఆలోచించి జవాబిస్తాడు. పొద్దున టీతో గోలీ వేసుకుని వచ్చాడు, టిఫిన్ తొమ్మిదింటికి. అది ఉక్కపోత చెమట కాదు. వణుకు, గుండె దడ, ఒక్కసారిగా ఆకలి, కళ్లు మసకబారడం, ఊరికే చిరాకు, వీటిలో ఏది కనిపించినా షుగర్ పడిపోతోందనే అనుకోండి.

ఇన్సులిన్ సూది వేసుకునేవాళ్లకు, గ్లిమిపిరైడ్, గ్లిబెన్‌క్లమైడ్, గ్లైక్లాజైడ్ గోలీలు వాడేవాళ్లకు ఈ ముప్పు ఎక్కువ. మెట్‌ఫార్మిన్ ఒక్కటే వాడేవాళ్లకు చాలా తక్కువ. మీ గోలీ ఏ రకమో మందుల షాపులో అడిగైనా తెలుసుకోండి. ముప్పు ఉన్న మందులు వాడేవాళ్లు బయలుదేరేముందు చూసుకుంటే షుగర్ 90 కంటే తక్కువుందా, ఏదైనా తిని వెళ్లండి. దారిలో 70 కంటే తగ్గితే నడక ఆపేసి మూడు చిన్న చెంచాల చక్కెర నీళ్లలో కలుపుకుని తాగండి. పదిహేను నిమిషాలాగి మళ్లీ చూసుకోండి, ఇంకా తక్కువే ఉంటే మళ్లీ అంతే తాగండి. మిషన్ లేకపోతే ముందు చక్కెర, తర్వాతే అనుమానాలు. చాక్లెట్, క్రీమ్ బిస్కెట్లలోని కొవ్వు చక్కెరను త్వరగా రక్తంలోకి పోనివ్వదు. స్పృహ తప్పినవాళ్ల నోట్లో ఏమీ పోయకుండా పక్కకు తిప్పి పడుకోబెట్టి 108కి ఫోన్ చేయండి. తొడకు ఇన్సులిన్ వేసుకుని వెంటనే నడిస్తే మందు వేగంగా ఎక్కుతుంది, ఆ పూట పొట్టకు వేసుకోవడం మేలు. బాగా శ్రమ పడిన రోజు రాత్రి నిద్రలో కూడా షుగర్ పడిపోవచ్చు, ఇంట్లోవాళ్లకు చెప్పి ఉంచండి.

"పొద్దంతా పనే చేస్తున్నం, మళ్లా వాకింగ్ ఎందుకు?" అని ఊళ్లల్లో అడుగుతారు. న్యాయమైన ప్రశ్నే. ఉపాధి హామీలో మట్టి తవ్విన రోజు, ములుగు, భూపాలపల్లి అడవుల్లో తునికాకు కోసిన రోజు వేరే నడక అక్కర్లేదు. అయితే ఆ పనికీ ఇవే జాగ్రత్తలు కావాలి, నిజానికి ఇంకా ఎక్కువే కావాలి. తునికాకుకు చీకటితోనే కడుపులో ఏమీ లేకుండా బయలుదేరతారు. గోలీ వేసుకుంటే ఏదైనా తినే కదలాలి. కొంగుకో, జేబులోకో చక్కెర పొట్లం, వెంట రొట్టె, నీళ్లు ఉండాలి. జత పనిచేసేవాళ్లకు "నాకు షుగరుంది, నేను తిక్కతిక్కగ మాట్లాడితే చక్కెర నీళ్లు తాపండి" అని ముందే చెప్పడంలో సిగ్గుపడాల్సింది ఏమీ లేదు. పనుల్లేని రోజులు వస్తాయి కదా, అప్పుడు నడక మొదలుపెట్టాలి. మందు అదే, తిండి అదే, పని మాత్రం ఆగిపోయినప్పుడే షుగర్ ఎగబాకుతుంది.

పాదాల సంగతి. షుగర్‌తో అరికాళ్లు మొద్దుబారినవాళ్లకు వేడి తెలియదు. మధ్యాహ్నం గుడిలో కాలే బండల మీద ప్రదక్షిణ చేసి ఇంటికొస్తారు, కాళ్లు కడుక్కునేటప్పుడు బొటనవేలి కింద నీటి బొబ్బ కనపడుతుంది. నొప్పి లేదు కదా అని వదిలేస్తే పుండవుతుంది. గుడికి పొద్దున్నే, కాటన్ సాక్సులతో వెళ్లండి. బొబ్బను గిల్లకండి, అదే రోజు డాక్టరుకు చూపించండి. నడకకు రబ్బరు హవాయి చెప్పులు వద్దు, పాదం మొత్తాన్ని కప్పే మెత్తని బూట్లు కావాలి. వేసుకునేముందు చేయి పెట్టి రాళ్లేమైనా ఉన్నాయేమో చూడండి. చీర మీద బూట్లేంటని ఎవరో నవ్వుతారని ఆగిపోయే అక్కలూ అమ్మలూ, దయచేసి వేసుకోండి. వేలు పోతే నవ్వినవాళ్లు తెచ్చివ్వరు.

దాహం వేసేదాకా ఆగకుండా నీళ్లు, పలుచటి సల్ల తాగండి. కిడ్నీ, గుండె జబ్బుతో నీళ్లు కొలిచి తాగమన్నవాళ్లు ఆ కొలతనే పాటించాలి. చెరుకు రసం, కూల్‌డ్రింకులు దాహానికి కాదు. వాడుతున్న ఇన్సులిన్ 30 డిగ్రీలు దాటితే పాడవుతుంది. బండి డిక్కీలో పెట్టొద్దు, డీప్ ఫ్రీజర్‌లోనూ పెట్టొద్దు. ఫ్రిజ్ లేకపోతే తడి ఇసుకలో ఉంచిన చిన్న కుండ చల్లగా ఉంచుతుంది.

షుగర్ 300 పైన ఉన్నా, జ్వరం, వాంతులు, విరేచనాలున్నా ఆ రోజు విశ్రాంతి. చాతీలో బరువు, ఎప్పుడూ లేని ఆయాసం వస్తే ఆగి, వెంటనే ఆసుపత్రికి వెళ్లండి. షుగర్ ఉన్నవాళ్లకు గుండెపోటు నొప్పి లేకుండానే రావచ్చు. ఎండలో చెమట ఆగి, ఒళ్లు కాలిపోతూ మాట తడబడితే వడదెబ్బే. నీడకు చేర్చి, ఒంటి మీద నీళ్లు పోస్తూ 108ని పిలవండి.

ఎండలు ముదరకముందే ఒకసారి డాక్టరు దగ్గరికి వెళ్లి, పని ఎక్కువున్న రోజు, ఉపవాసమున్న రోజు మందు ఎంత వేసుకోవాలో అడిగి రాయించుకోండి. షుగర్‌ను మూత్రంలో పోగొట్టే డపాగ్లిఫ్లోజిన్, ఎంపాగ్లిఫ్లోజిన్ గోలీలు వాడుతుంటే, బీపీకి మూత్రం ఎక్కువ పోయే గోలీలు వేసుకుంటుంటే ఆ సంగతి కూడా చెప్పండి. సొంతంగా మాత్రం ఏదీ మానకండి.