భావోద్వేగ ప్రజ్ఞను, మనసు బాగోగులను కొలుచుకొని పోల్చుకోవడం ఎలా

మన భావాలనూ ఎదుటివారి భావాలనూ గుర్తించి, అర్థం చేసుకొని, అదుపులో పెట్టుకొనే నేర్పే భావోద్వేగ ప్రజ్ఞ. 1990లో మనస్తత్వ శాస్త్రవేత్తలు పీటర్ సాలొవే, జాన్ మేయర్ దాన్ని నిర్వచించిన తరువాత దాన్ని కొలవడానికి రెండు రకాల సాధనాలు వచ్చాయి. ముఖచిత్రాలు, సన్నివేశాలు చూపి జవాబులు రాబట్టే సామర్థ్య పరీక్షలు మొదటివి. వీటికి శిక్షణ పొందినవారు కావాలి. మన గురించి మనమే మార్కులు వేసుకొనే ప్రశ్నావళులు రెండోవి. అనంతపురంలో మా డిగ్రీ విద్యార్థులతో నేను రెండో రకమే చేయిస్తాను. 1998 నాటి షుట్టే ప్రశ్నావళిలో 33 వాక్యాలుంటాయి. ఒక్కోదానికి 1 నుంచి 5 వరకు మార్కులు వేసుకొని, 5, 28, 33 సంఖ్యల వాక్యాలకు మాత్రం మార్కులను తిరగేసి (5 వేసుకుంటే 1గా, 4 వేసుకుంటే 2గా) కూడాలి.

ప్రశ్నావళి నింపడానికి ముందు ఒక వారం పాటు రోజూ రాత్రి ఆ రోజు కలిగిన భావానికి సరైన పేరు వెతికి నోటుపుస్తకంలో రాయాలి. ఈ పని చేయకుండా వేసుకొనే మార్కులను నేను నమ్మను. ఆగస్టులో వాన ముఖం చాటేసి చెనక్కాయ చేను వాడిపోతున్న రోజుల్లో ఒక విద్యార్థి వరుసగా మూడు రోజులు "నాన్న మీద కోపం" అని రాశాడు. ఇంకా దగ్గరి మాట వెతకమన్నాను. చుట్టాల ముందు నాన్న తిట్టినందుకు మొదటి రోజుది ఉక్రోషమనీ, బోరు ఎండిపోతుందేమోనన్న బెంగే రెండో రోజుదనీ, నిద్ర లేని చిరాకు మూడో రోజుదనీ తేలింది. కోపమొక్కటే అనుకున్నంతకాలం అతనికి నాన్నతో పోట్లాట తప్ప మరో దారి కనిపించలేదు. బెంగ అని తెలిశాక ఆయన పక్కన కూర్చొని బోరు సంగతి అడిగాడు.

మనసు బాగోగులకు ప్రపంచ ఆరోగ్య సంస్థ అయిదు వాక్యాల సూచిక సరిపోతుంది. గడిచిన రెండు వారాలను తలచుకొని ఒక్కో వాక్యానికి 0 నుంచి 5 వరకు వేసుకొని, మొత్తాన్ని 4తో గుణించాలి. ఫలితం 50 లేదా అంతకన్నా తక్కువైతే పోలికలు పక్కనపెట్టి వైద్యుణ్ణి కలవాలి. ప్రభుత్వ మానసిక ఆరోగ్య సహాయ సేవ టెలీ మానస్ 14416కు ఉచితంగా ఫోన్ చేయవచ్చు.

ప్రశ్నావళినీ, సూచికనూ ఒకే పూట నింపకూడదు, ఆనాటి మనఃస్థితి రెండు కాగితాల మీదా పడి లేని సంబంధం ఉన్నట్టు చూపుతుంది. ఒక రోజు ఎడం ఇచ్చి, రెండు వారాలకొకసారి చొప్పున మూడు నెలలు నింపాలి. వీలైతే, మొహం మీదే నిజం చెప్పే ఇంటి మనిషి చేత కూడా మనకు మార్కులు వేయించుకోవాలి. ప్రజ్ఞ మార్కులూ, మనసు బాగోగుల మార్కులూ కలిసి పెరిగినంత మాత్రాన ప్రజ్ఞ వల్లే మనసు కుదుటపడిందనలేము, ఒక మంచి వానకు రెండూ పెరగవచ్చు. అందుకే ప్రతి జత మార్కుల పక్కన ఆ రెండు వారాల్లో ఇంట్లో, చేలో ఏం జరిగిందో ఒక వాక్యం రాయాలి: "బోరులో నీళ్లు తగ్గాయి", "అప్పు వాయిదా కట్టాం", "అక్క పురిటికి వచ్చింది".