వరద రాకముందే మరబోటు ఇంజన్ ఆయిల్ లీకేజీ చూసుకోండి

శ్రీశైలం వెనుక జలాలకు కృష్ణ వరద మామూలుగా జులై, ఆగస్టుల్లో చేరుతుంది. అంతవరకూ ఉమ్మడి కర్నూలు జిల్లా సంగమేశ్వరం వైపు ఒడ్డున ఎండలో నిలిచిపోయిన పడవ ఇంజన్‌లో రబ్బరు సీళ్లు గట్టిపడతాయి, కార్కు ప్యాకింగులు ఎండి కుంచించుకుపోతాయి. నీళ్లొచ్చాక మొదటి ట్రిప్పుల్లోనే ఆయిల్ కారడం మొదలయ్యేది అందుకే. కడప జిల్లాలో మైలవరం, గండికోట జలాశయాల్లో తిప్పే బోట్లకూ ఇదే వర్తిస్తుంది.

నడి నీళ్లలో ఆయిల్ అయిపోతే బేరింగులు పట్టేసి ఇంజన్ ఆగుతుంది. ఇంజన్ ఆగిన పడవ ప్రవాహంతో పాటే కొట్టుకుపోతుంది, చుక్కాని ఎటు తిప్పినా మాట వినదు. కాగుతున్న సైలెన్సర్ మీద ఆయిల్ పడితే నిప్పంటుకునే ప్రమాదమూ ఉంది. కాబట్టి ఈ పని జూన్‌లోనే, ఒడ్డు మీదే కావాలి.

ముందు లీకేజీ ఎక్కడుందో పట్టుకోండి, సామాన్లు ఆ తర్వాత కొనొచ్చు. ఆయిల్ కిందికి జారుతుంది, ఫ్యాన్ గాలికి వెనక్కి పారుతుంది. చుక్క పడేచోటు ఒకటి, కారేచోటు ఇంకొకటి. చల్లగా ఉన్న ఇంజన్‌ను డీజిల్‌తో కడిగి, పేలికతో తుడిచి పూర్తిగా ఆరనివ్వండి. జాయింట్ల మీద టాల్కం పౌడర్ పలుచగా చల్లి, కింద తెల్ల అట్టముక్క పరచండి. 15 నిమిషాలు నడిపి ఆపండి. పౌడర్ తడిసిన చోట్లలో అన్నిటికంటే పైనున్నదే అసలు చోటు. నీటితో చల్లబడే ఇంజనైతే నీళ్లు పీల్చే పైపును నిండు డ్రమ్ములో పెట్టకుండా స్టార్ట్ చేయొద్దు, పంపులోని రబ్బరు రెక్కలు నిమిషాల్లో కాలిపోతాయి. నడుస్తున్న ఇంజన్ దగ్గర లుంగీ, తువ్వాలు బెల్టుకు చిక్కకుండా బిగించి కట్టుకోండి.

ఏ బోల్టూ విప్పకముందు బ్రీదర్ పైపు చూడాలి. చాలామంది దీన్ని వదిలేసి సీళ్లు మార్చి మళ్లీ మోసపోతారు. పిస్టన్ పక్కనుంచి కొంత గాలి ఎప్పుడూ కింద ఆయిల్ ఉండే చాంబర్‌లోకి దిగుతుంటుంది, అది బయటికి పోయే దారి బ్రీదర్. దుమ్మూ జిడ్డూ పేరుకునో, కందిరీగలు మట్టిగూడు కట్టో ఆ దారి మూసుకుపోతే లోపలి ఒత్తిడి మంచి సీళ్ల గుండా కూడా ఆయిల్‌ను బయటికి తోస్తుంది. పైపు ఊడదీసి డీజిల్‌తో కడిగి, నోటితో ఊది చూడండి. బ్రీదర్ శుభ్రంగా ఉన్నా ఆయిల్ పోసే మూతలోంచి పొగ గుప్పుగుప్పున కొడుతుంటే పిస్టన్ రింగులు అరిగిపోయినట్టు. అప్పుడు ప్యాకింగులు మార్చినా ఫలితం ఉండదు, ఓవరాలింగ్ చేయించాల్సిందే.

ఆయిల్ మట్టం కొలిచే డిప్ స్టిక్‌ను పడవ సమంగా ఉన్నప్పుడు, ఇంజన్ ఆపిన 10 నిమిషాలకు చూడాలి. పై గీత దాటి పోసినా ఆయిల్ కారుతుంది. ఆయిల్ పాలలా తెల్లబడితే నీళ్లు కలిశాయి. మట్టం పెరిగి, పలుచబడి, డీజిల్ వాసన వస్తే డీజిల్ దిగుతోంది. ఈ రెండింటిలో ఏది కనబడినా స్టార్ట్ చేయకుండా మెకానిక్‌ను పిలవండి.

ఇంజన్ పైనుండే మూత, అంటే ట్యాపెట్ కవర్ దగ్గర కారుతుంటే పాత ప్యాకింగ్ మొత్తం గీకేయండి. అల్యూమినియం మీద ఉలి వాడితే గాట్లు పడతాయి, ఆ గాట్లే కొత్త లీకేజీ. రేకు కవరైతే బోల్టు రంధ్రాల చుట్టూ లోపలికి వంగి ఉంటుంది, చదునైన ఇనుప దిమ్మె మీద పెట్టి తట్టి సరిచేయండి. బోల్టులు మధ్యనుంచి చివరలకు, ఒక్కోటీ కొంచెం కొంచెంగా, రెండు మూడు విడతల్లో బిగించాలి. సిలికాన్ పేస్ట్ ఎక్కువ పూస్తే లోపలికి పిండుకుని, తెగి, ఆయిల్ పంపు జాలీని మూసేస్తుంది. బయటినుంచి ఎంసీల్ అద్దడం పనికిరాదు, జిడ్డు మీద అది అంటదు.

డబ్బాలా ఉండే ఆయిల్ ఫిల్టర్ విప్పగానే పాత రబ్బరు రింగు ఇంజన్‌కు అతుక్కుని ఉందేమో చూడండి. రెండు రింగులు పడితే ఇంజన్ వేగం పెరగగానే ఆయిల్ చిమ్ముతుంది. కొత్త రింగుకు ఆయిల్ రాసి, అది తగిలాక చేత్తో ముప్పావు చుట్టు తిప్పితే చాలు. డ్రెయిన్ బోల్టుకు కొత్త రాగి వాషర్ వేయండి.

బెల్టు తిప్పే పుల్లీ వెనుక సీల్ మార్చేటప్పుడు షాఫ్ట్ మీద గోరు పెట్టి లాగండి. గోరు గాడిలో ఆగితే కొత్త సీల్ కూడా అక్కడే కారుతుంది. గూటిలో చోటుంటే సీల్‌ను 2 మిల్లీమీటర్లు జరిపి కూర్చోబెట్టండి, లేకపోతే షాఫ్ట్‌కు స్లీవ్ (పైన తొడిగే పలుచని గొట్టం) వేయించండి. సీల్ పెదవి ఆయిల్ ఉన్న వైపుకే ఉండాలి. ఇంజన్ వెనుక బరువు చక్రం (ఫ్లైవీల్) వైపు సీల్ కారితే గేర్ బాక్స్ దించాలి కాబట్టి, కారేది ఇంజన్ ఆయిలా, గేర్ ఆయిలా అన్నది ముందే తేల్చుకోండి.

పడవ అడుగున పేరుకున్న ఆయిల్‌ను సబ్బు నీళ్లతో కడిగి నదిలోకి తోడొద్దు. శ్రీశైలం నీళ్లే హంద్రీనీవా కాలువలో అనంతపురం దాకా పోతున్నాయి. రంపపు పొట్టు చల్లి పీల్చుకున్నాక ఎత్తి, డబ్బాలో పోసి మూత పెట్టండి.

అన్నీ బిగించాక ఒక గంట నడిపి, కొత్త అట్టముక్క మీద చుక్క పడలేదని చూసుకున్నాకే జనాన్ని ఎక్కించండి. పడవలో 2 లీటర్ల అదే రకం ఆయిల్, ఒక ఫిల్టర్, పొడి ఇసుక బకెట్, తెడ్లు, లంగరు, తలకొక లైఫ్ జాకెట్ ఉండాలి.