స్పిన్నింగ్ రాడ్‌కి గైడ్లు ఎంచుకుని అమర్చడం ఎలా?

సొంతంగా చేపలు పట్టే రాడ్ కట్టుకునేవాళ్లు ఎక్కువగా చెడగొట్టేది గైడ్ల (లైన్ దూరే రింగుల) మధ్య దూరాల దగ్గరే. నెట్‌లో ఏదో పట్టిక దొరుకుతుంది. టేపుతో కొలిచి, మార్కులు పెట్టి, అదే రాత్రి దారం చుట్టేస్తారు. ఆ పట్టిక రాసినాయన బ్లాంక్ (గైడ్లూ రీలూ పెట్టని వట్టి రాడ్ కర్ర) వేరు, రీల్ వేరు. తీరా చూస్తే లైన్ టపటపా బ్లాంక్‌కి కొట్టుకుంటుంది, లూర్ (ఎరగా వాడే బొమ్మ) దూరం పోదు. అప్పుడు రిపేరుకి పట్టుకొస్తారు.

ఇక్కడ ఏడడుగుల మీడియం పవర్ స్పిన్నింగ్ రాడ్, 2500 సైజు రీల్ అనుకుందాం. హైదరాబాద్ చుట్టుపక్కల చెరువుల్లో కొర్రమీనుకీ బొచ్చెకీ సరిపోతుంది.

గైడ్ల ఎంపిక

అడుగుకి ఒక గైడ్, పైన ఇంకొకటి. అంటే ఏడడుగులకి ఎనిమిది, టిప్ టాప్ (రాడ్ కొసకి అతికించే గైడ్) కాకుండా. డబ్బు మిగుల్తుందని ఆరుతో సరిపెట్టకండి.

రీల్ వైపు నుంచి 25, 16, 10, ఆ తర్వాత ఐదూ 6. ఈ నంబర్లు సుమారుగా రింగ్ బయటి వ్యాసం, మిల్లీమీటర్లలో. లోపలి రంధ్రం ఇంకా చిన్నది. బ్రెయిడ్‌కి (పోగులు అల్లిన లైన్) లీడర్ (చివర కలిపే వేరే లైన్ ముక్క) ముడి వేసేవాళ్లు ఆ ముడి 6లోంచి తగలకుండా దూరుతుందో లేదో కొనేముందే చూసుకోవాలి. మొదటి మూడు రెండు కాళ్లవి, మిగతావి ఒంటికాలివి. చివర్లో బరువు పెరిగితే మంచి బ్లాంక్ కూడా మొద్దుబారిపోతుంది. మెరుపు చూసి కొనే క్రోమ్ గైడ్లు నా రాడ్‌కి పెట్టను. బ్రెయిడ్ వాడేవాళ్లకి సిలికాన్ కార్బైడ్ రింగ్, నైలాన్ లైన్‌కి అల్యూమినియం ఆక్సైడ్ చాలు. వచ్చిన ప్రతి రింగ్‌లోనూ చెవి పుల్ల దూది తిప్పి చూడండి. పోగు ఎక్కడైనా తగులుకుంటే పగులు ఉన్నట్టే, వాపసు పంపండి.

బ్లాంక్ కొసని వెర్నియర్‌తో కొలిచి దానికి సరిపడే టిప్ టాప్ తీసుకోండి. అతికించేది హాట్ మెల్ట్ గ్లూతోనే. ఎపాక్సీతో అతికిస్తే రేపు మార్చాల్సి వచ్చినప్పుడు బ్లాంక్ చివర కూడా ఊడొస్తుంది.

స్పైన్ (బ్లాంక్‌లో ఎక్కువ గట్టిగా ఉండే వైపు) ఎటుందో వెతకడంలో కొందరు రోజంతా గడుపుతారు. బ్లాంక్ కంటికి నిటారుగా కనిపించే వైపు చూసి గైడ్లు పెట్టండి, చాలు. స్పిన్నింగ్ రాడ్‌లో గైడ్లు కింది వైపే ఉంటాయి కాబట్టి బరువు పడితే రాడ్ మెలి తిరగదు.

తాత్కాలికంగా పెట్టడం

సైకిల్ షాపులో వాల్వ్ ట్యూబ్ ఒక మూర కొనండి. సన్నటి రింగులుగా కోసి, బ్లాంక్ మీదికి ఎక్కించి, గైడ్ కాళ్లు వాటి కిందికి దూర్చండి. టిప్ నుంచి సెంటీమీటర్లలో 10, 21, 33.5, 47.5, 63, 80.5, 100, 121 దగ్గర మొదలుపెట్టండి. చివరిది, అంటే 25 నంబర్ గైడ్, రీల్ స్పూల్ (లైన్ చుట్టుకునే చక్రం) ముఖానికి సుమారు 50 సెంటీమీటర్ల దూరంలో రావాలి. ఈ అంకెలు కూడా పట్టికే కదా అంటారేమో. అవును, మొదలుపెట్టడానికి మాత్రమే. ఇక్కడ దారం తీస్తే ఈ వ్యాసం చదివి దండగ.

బరువు వేసి చూడటం

అసలు పని ఇదే. దీనికి ఒక సాయంత్రం మొత్తం కేటాయించండి. రాడ్ హ్యాండిల్‌ని కుర్చీకో బాల్కనీ గ్రిల్‌కో గుడ్డ చుట్టి కట్టి, 45 డిగ్రీల వాలులో నిలపండి. సీలింగ్ ఫ్యాన్ ఆపేయండి, పిల్లల్ని పక్క గదిలోకి పంపండి, కళ్లద్దాలు పెట్టుకోండి. ఒత్తిడిలో టిప్ విరిగితే ముక్క ఎటు దూకుతుందో చెప్పలేం.

లీటరు నీళ్ల సీసా తీసుకోండి. ఖాళీ సీసాని ముందు నేరుగా టిప్‌కి వేలాడదీసి, నీళ్లు కొంచెం కొంచెంగా పోస్తూ వెళ్లండి. రాడ్ చక్కగా వంగగానే ఆపండి. మీడియం రాడ్‌కి సాధారణంగా అర లీటరుకి అటూ ఇటూ చాలు. సీసా నిండేదాకా పోయాలని పట్టు పట్టకండి. పక్క నుంచి ఫోన్‌తో ఫొటో తీయండి. గైడ్లు పని చేయనప్పుడు బ్లాంక్ వంపు ఇది.

ఇప్పుడు సీసా విప్పి, లైన్‌ని రీల్ నుంచి అన్ని గైడ్లలోంచి తీసి, అదే సీసా అదే నీళ్లతో దానికి కట్టండి. డ్రాగ్ (లాగితే లైన్ వదిలే రీల్ బ్రేకు) బిగించండి. ఫోన్ కదలకుండా అదే చోటు నుంచి ఇంకో ఫొటో. రెండు వంపులూ ఒకేలా ఉండాలి. లైన్ ఎక్కడ బ్లాంక్ నుంచి దూరంగా జరిగి రెండు గైడ్ల మధ్య తీగలా సూటిగా పోతుందో, అక్కడ గైడ్ల దూరం ఎక్కువైంది. ఒక గైడ్ దగ్గర లైన్ మొనదేలి మడత పడుతుంటే బరువంతా అక్కడే పడుతోందని అర్థం, దానికి అటూ ఇటూ ఉన్నవాటిని దగ్గరికి జరపండి. అర సెంటీమీటరు, ఒక సెంటీమీటరు, అంతకు మించొద్దు. ఒకటి జరిపాక దాని పొరుగువాటినీ సర్దాలి. టిప్ నుంచి రీల్ దాకా దూరాలు పెరుగుతూనే రావాలి, మధ్యలో తగ్గకూడదు.

మూడు నాలుగు సార్లు ఫొటోలు పోల్చి చూస్తే కన్ను పట్టేస్తుంది. విసుగొచ్చి "ఇక చాలులే" అనిపించే దశలోనే చాలామంది ఆగిపోతారు. ఫ్యాక్టరీ రాడ్లు చూపించి "వాళ్లు చేయలేదా" అంటారు. ఫ్యాక్టరీలో వేల రాడ్లకి ఒకే కొలత, మీ రాడ్ ఒక్కటే. ఇంత డబ్బు, శ్రమ పోసి కట్టుకునేది ఆ తేడా కోసమే.

వంపు కుదిరాక రబ్బరు మీద టేపు చుట్టి గట్టి చేసి, ఖాళీ గ్రౌండ్‌కి వెళ్లండి. గాలం లేని బరువు కట్టి విసరండి. రీల్‌కీ మొదటి గైడ్‌కీ మధ్య లైన్ కొట్టుకునే చప్పుడు వస్తే ఆ గైడ్‌ని ముందుకో వెనక్కో రెండు సెంటీమీటర్ల చొప్పున జరిపి మళ్లీ విసరండి. దాన్ని కదిపాక బాల్కనీ పరీక్ష ఇంకోసారి చేయాల్సిందే.

దారం, ఎపాక్సీ

గైడ్ కాళ్ల చివర్లు సన్నగా అరగదీసి, దారం బ్లాంక్ మీద మొదలుపెట్టి కాలి మీదికి ఎక్కించండి. ఎపాక్సీ రెండు భాగాలూ సమానంగా, వేర్వేరు సిరంజిలతో. దారం మీద మొదటి పూత పలుచగా. రాడ్ తిప్పడానికి నిమిషానికి ఐదారు చుట్లు తిరిగే మైక్రోవేవ్ ప్లేటు మోటారు చాలు, కోఠి గుజరాతీ గల్లీలో అడగండి. నాలుగైదు గంటలు తిరగనివ్వండి. ఎండాకాలంలో ఎపాక్సీ త్వరగా బిగుస్తుంది కాబట్టి కొంచెం కొంచెంగా కలుపుకోండి. వానాకాలపు తేమలో పైన పాలమీగడలా తెల్లటి పొర వస్తుంది, కిటికీ మూసి పొడి గదిలో చేయండి. రెండో పూత మర్నాడు. అది ఆరాక ఇంకో రోజు ఆగి అప్పుడు రీల్ పెట్టండి.